కరగని పొర

కొబ్బరినూనె ఇవాళ కూడా గడ్డకట్టే ఉంది, సీసాను తలకిందులు చేసి నిషిత అరచేతి మీద ఎంత తట్టినా ఒక్క చుక్క రాలలేదు, డాడీ ఇది వస్తలేదు అంది, నేను ఇస్త్రీ పెట్టె వైరు చుడుతూ వస్తది లే అన్నాను, ఎలా వస్తుందో ఆలోచించకుండానే అన్నాను, జనవరి పొద్దుటి చలికి కొబ్బరినూనె గడ్డకట్టక ఏం చేస్తుంది, ఏ కొవ్వు ఎంత చలికి బిగుసుకుంటుందో ఎంత వేడికి సడలుతుందో కంప్యూటర్‌లో చూడటమే నా ఉద్యోగం, గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీ పరిశోధన విభాగంలో ఏళ్ళుగా ఇదే పని, అయినా సీసాను ఎండ తగిలే చోట పెట్టాలని నాకు తోచదు, సుమిత్ర ఉన్నప్పుడు చలి మొదలైన రోజే ఆ సీసా పిట్టగోడ ఎక్కేది, పెళ్ళయిన కొత్తలో మీరు చేసే పనేంది అని ఆమె అడిగితే ఆ సీసానే చూపించాను, ఇసొంటిది ఎప్పుడు కరుగుతదో కంప్యూటర్‌ల చూస్త అన్నాను, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి, గింత సదువు సదివి నూనె కరుగుడు సూస్తరా మీరు, గోడ మీద పెడితే కరగదా, అంది, ఆ నవ్వు గుర్తుంది, నవ్వుతో పాటు అప్పుడు నాలో ఏం కదిలిందో అది గుర్తు లేదు, సినిమా చూసినట్టు ఉంది, శబ్దం తగ్గించి చూసినట్టు, ఈలోగా పై వాటాలో ఉండే మా ఇంటి ఓనరు వజీరా ఆపా మెట్లు దిగుతూ చూసి, అరే శ్రావణ్ భాయ్, పిల్ల నెత్తి సూడుండ్రి పిట్టగూడు లెక్క, ఇటియ్యి బేటీ ఆ శీశా, నేను పొయ్యి పక్కన పెడ్త, అని సీసాను, దాంతో పాటు నిషితను కూడా పైకి తీసుకుపోయింది, బడి బస్సు వచ్చే వేళకు పిల్ల రెండు జడలతో మెరిసే తలతో దిగి వచ్చింది, నా చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకుని టాటా చెప్పి పోయింది, ఇలాంటివి ఎవరో ఒకరు చేసి పెడుతూనే ఉన్నారు, అవన్నీ నేను చూస్తూనే ఉన్నాను, చూడటం వరకే.

నా కంపెనీ బస్సు వచ్చింది, పోతిరెడ్డిపల్లి చౌరస్తా పొగమంచులో దాని దీపాలు పసుపు ముద్దల్లా దగ్గరికి వచ్చాయి, కానీ మెట్ల దాకా మనుషులు నిండి ఉన్నారు, డ్రైవరు యాదన్న కిటికీలోంచి తల బయటపెట్టి, సారూ ఇయ్యాల జెర కష్టమే, రెండో బండి క్లచ్ పోయింది, ఆ మందిని గూడ నేనే ఎక్కించుకున్న, మీ సీట్ల కడుపుతోని ఉన్న పిల్ల కూసున్నది, ఏమనుకోకుండ్రి, అన్నాడు, ఏమనుకుంటాను యాదన్నా మంచిపని చేసినవ్ అని ఎక్కాను, ఎక్కడమంటే వెనకవాళ్ళు నెడితే లోపలికి చేరాను, మా కంపెనీ బస్సులో సీట్ల మీద ఎవరి పేరూ రాసి ఉండదు, అయినా ఎవరి సీటు ఏదో అందరికీ తెలుసు, నాది మూడో వరుస కిటికీ పక్కది, సుమిత్ర పోయాక నేను మళ్ళీ పనికి వచ్చిన దగ్గర్నుంచి నా పక్క సీటును ఖాళీగా వదిలేస్తున్నారు, ఎవరూ చెప్పుకున్నది కాదు, జనం నిలబడి ఉన్నా ఆ సీటులో కూర్చోరు, నన్ను పలకరించే ఇబ్బంది తమకు తప్పుతుందనో, పలకాల్సిన బాధ నాకు తప్పుతుందనో, ఏదైనా దయే, వాళ్ళు వదిలిన ఆ చోటులో నేను రోజూ నా ల్యాప్‌టాప్ బ్యాగు పెట్టుకుంటాను, ఇవాళ బ్యాగు రొమ్ముకు అదుముకుని నిలబడ్డాను, ముందు ఒకడి వీపు, వెనక ఒకడి మోచెయ్యి, ప్యాకింగ్ యూనిట్‌లో పనిచేసే ఒడిశా పిల్లలు థోడా అందర్ జావ్ భాయ్ అంటున్నారు, లోపల అనే చోటు ఎక్కడా లేదు, నాలుగు తలల అవతల మా ల్యాబులో పనిచేసే ఫరహత్ కనిపించింది, తెల్ల థర్మోకోల్ డబ్బాను చంటిపిల్లలా రెండు చేతులతో భుజానికి ఎత్తుకుని ఉంది, ఎవడో ఏంది మేడం ఐస్‌క్రీమా, మాకో కప్పు ఇయ్యరాదు, అన్నాడు, క్యాంటీన్‌లో వండే మొగులమ్మ గొంతు వెంటనే లేచింది, ఐస్‌క్రీమైతే నీకంటె ముందు నాకు రావాలె, ఫరహత్ నవ్వి, కొవ్వు బుడగలక్కా, తింటవా, అంది, వద్దు బిడ్డా నా ఒంట్ల ఉన్న కొవ్వు సాలదా, అంది మొగులమ్మ, బస్సంతా నవ్వింది, నవ్వుకు కూడా చోటు లేక అందరి పొట్టలూ ఒకదానికొకటి తగిలాయి.

ఆ డబ్బాలో ఉన్నవి నిజంగా కొవ్వు బుడగలే, కంటికి కనపడనంత చిన్నవి, లోపల మందు, చుట్టూ రెండు వరసల కొవ్వు అణువుల పొర, ఒంట్లో మామూలు వేడికి ఆ పొర మూసుకునే ఉండాలి, క్యాన్సర్ గడ్డ ఉన్న చోట బయటి నుంచి కాస్త వేడి పెడితే, జ్వరం కంటే కొంచెం ఎక్కువ, నలభై ఒక్క డిగ్రీల దగ్గర, అక్కడ మాత్రం పొర కరిగి మందు వదలాలి, తక్కిన ఒళ్ళంతటికీ విషం తప్పుతుంది, వాంతులు తప్పుతాయి, జుట్టు రాలడం తప్పుతుంది, ఫరహత్ మూడేళ్ళు ఆ మిశ్రమం మీదే కూర్చుంది, ఆమె చేతిలో అది నలభై ఒకటి దగ్గర కరుగుతోంది, అదే మిశ్రమాన్ని ఇంకో ల్యాబులో వేరేవాళ్ళు చేసినప్పుడు సరిగ్గా రాలేదు, ఎవరి మాట నమ్మాలో తెలియక యాజమాన్యం కంప్యూటర్‌ను అడగమంది, కంప్యూటర్ అంటే నేను, నేను ఆ పొర ముక్క ఒకదాన్ని, చుట్టూ ఒక పెట్టె గీసి, తెర మీద కట్టాను, ఒక్కో అణువుకు ఒక తల రెండు తోకలు, చలిలో తోకలన్నీ నిటారుగా దగ్గరదగ్గరగా ఉంటాయి, కరిగినప్పుడు అవే తోకలు మోకాళ్ళ దగ్గర వంగినట్టు వంగి అటూ ఇటూ ఊగుతాయి, నేను నలభై ఒకటి పెట్టి ఒక రన్, అంటే ఒక లెక్క, నడిపాను, కరగలేదు, నలభై అయిదు, యాభై, అరవై కూడా పెట్టాను, ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా తోకలన్నీ నిటారుగానే ఉన్నాయి, కరగదు అని రాసి ఇచ్చాను, పదకొండింటికి మీటింగ్, అక్కడ నేను ఆ మాటే నోటితో చెప్పాలి, చెప్పగానే ప్రాజెక్టు మూసేస్తారు, ఫరహత్ కాంట్రాక్టు ఆ ప్రాజెక్టుతోనే ముడిపడి ఉంది, ఈ నెలాఖరుకు ఆమె తన గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళాలి, మా మేనేజరు మల్లేష్ నిన్న నా భుజం మీద చెయ్యి వేసి, ఆ పిల్ల మంచిదే గని ఏం జేస్తం అన్నా, కంప్యూటర్ అబద్ధమాడదు గద, అన్నాడు, ఆడదు అన్నాను, అన్నప్పుడు నాకు ఆమె మీద జాలి కలగాలి, కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూశాను కూడా, పంటి డాక్టరు మత్తు సూది ఇచ్చాక పెదవిని వేలితో నొక్కి చూసుకున్నట్టు, నొక్కిన వేలికి తెలుస్తోంది, పెదవికి తెలియడం లేదు.

సార్, అని పిలిచింది ఫరహత్, తలల మీదుగా, మూడోసారి గూడ అదే వచ్చింది సార్, నిన్న బయటి ల్యాబుల చేయించిన, నలభై ఒకటే, ఇయ్యాల మీటింగ్‌ల చూపిస్త, అంది, గొంతులో బతిమాలడం లేదు, సంజాయిషీ లేదు, వాన పడుతోంది అని చెప్పినట్టు చెప్పింది, సరే ఫరహత్ చూపించు అన్నాను, చూపించినా ఏం లాభం లేదని ఇద్దరికీ తెలుసు, నలభై ఒకటి, సుమిత్రకు వచ్చింది నూటనాలుగు జ్వరం, అంటే నలభై, ఈ పొర కరిగే చోటుకు ఒక్క డిగ్రీ తక్కువ, ఆమె నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ థర్మామీటరు చూస్తున్నప్పుడు కూడా నా మెదడు ఆ లెక్క వేసింది, వానాకాలం జ్వరం, ఊళ్ళో ఇంటికొకరికి వచ్చింది, అందరికీ తగ్గింది, ఆమె ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి నిషితకు రేపు డ్రాయింగ్ పరీక్ష ఉన్నది, రంగుపెన్సిళ్ళు చెక్కి పెట్టుండ్రి, అంది, నాతో ఆమె అన్న చివరి మాట అదే, రంగుపెన్సిళ్ళు, నేను చెక్కి పెట్టాను, పన్నెండు రంగులూ చెక్కి ముళ్ళు ఒకే వైపు ఉండేలా డబ్బాలో పెట్టాను, అప్పటికి ఆమె లేదు, చెక్కుతున్నప్పుడు పొట్టు నేల మీద పూలరేకుల్లా పడింది, అది చూశాను, చీపురుతో ఊడ్చాను, జిన్నారం నుంచి అక్క వచ్చింది, నన్ను పట్టుకుని తమ్మీ ఒక్కసారి ఏడువురా, గుండెల పెట్టుకోకు, గట్టిగ ఏడువు, అంది, తనే ఏడ్చి ఏడ్చి నా చొక్కా తడిపింది, పదో రోజున అందరూ ఏడ్చారు, సుమిత్ర ఫోటో పెద్దది చేయించి దండ వేసినప్పుడు ఏడ్చారు, నిషిత రాత్రి నిద్రలో అమ్మా అని లేచి ఏడిస్తే నేను వీపు నిమిరాను, మంచినీళ్ళు ఇచ్చాను, దుప్పటి కప్పాను, నా కళ్ళు పొడిగానే ఉన్నాయి, అక్క పోయేటప్పుడు వాకిట్లో ఎవరితోనో మా తమ్ముడు రాయి గుండెవాడు కాదమ్మా, ఎందుకో గిట్లయిండు, అంటుంటే విన్నాను, నాకు కోపం రాలేదు, ఆమె చెప్పింది నాకూ వింతగానే ఉంది, పాపం ఎంత వేడి పెట్టారో నాకు అందరూ, అక్క పెట్టింది, పిల్ల పెట్టింది, ఫోటో పెట్టింది, అరవై డిగ్రీలు దాటే ఉంటుంది, కరగదు అని నాకు నేనే రాసి ఇచ్చుకున్నాను.

రుద్రారం దాటింది, గుడి దగ్గర బస్సు నెమ్మదించగానే సగం మంది చెయ్యెత్తి దండం పెడదామనుకున్నారు, చెయ్యి పైకి రాక తలతోనే పెట్టారు, కిటికీ అద్దాలన్నీ ఊపిరికి మసకబారాయి, బయట చలి, లోపల ఇంతమంది ఒంటి వేడికి నా మెడ వెనక చెమట పడుతోంది, మోకాలు పీకుతోంది, కుడికాలి మీద నుంచి ఎడమకాలి మీదికి బరువు మార్చుకుందామంటే పాదం పెట్టే చోటు లేదు, ఇస్నాపూర్ దగ్గర ఇంకో నలుగురు ఎక్కారు, ఎలా ఎక్కారో, ఎవరో అరే యాదన్నా డబ్బాల బెల్లం కూరినట్టు కూరుతున్నవేందే అన్నాడు, యాదన్న మీరే బెల్లమైతే నాకు ఈగల బాధ గూడ ఉంటుండె, సల్లగ నిలవడుండ్రి, అన్నాడు, మొగులమ్మ ఎలాగో తల తిప్పి నన్ను చూసి, ఏంది సారూ గట్ల కట్టె లెక్క నిలవడ్డరు, జెర మోకాళ్ళు వంచుండ్రి, లేకుంటే బిరుసెక్కి పోతరు, అంది, నేను ఎట్ల వంచాలె మొగులమ్మా, జాగ ఎక్కడున్నది, అన్నాను, ఆమె కూడా గదీ నిజమే అని ముందుకు తిరిగింది, బస్సు గుంతలో పడి లేచింది, అందరం ఒక్క దిమ్మెలా ఎగిరి ఒక్క దిమ్మెలా పడ్డాం, ఎవరూ వంగలేదు, జాగ ఎక్కడున్నది, ఆ మాట నా నోట్లోనే ఇంకా ఉంది, నమిలి మింగని మెతుకులా, ఒళ్ళు కాలుతోంది, చెమట కారుతోంది, అయినా కాళ్ళు నిటారుగానే ఉన్నాయి, జాగ లేక.

పటాన్‌చెరు రాగానే బస్సు ఆగి రెండు తలుపులూ తెరుచుకున్నాయి, ప్యాకింగ్ యూనిట్ వాళ్ళు ఇక్కడ దిగి వేరే బండి ఎక్కాలి, చలో చలో అంటూ ఒడిశా పిల్లలు దిగారు, వాళ్ళ వెనక ఇంకో గుంపు, చల్లటి గాలి రెండు తలుపుల నుంచీ ఒక్కసారిగా లోపలికి వచ్చింది, వేడి తగ్గింది, తగ్గింది, పెరగలేదు, ఇది నేను చూస్తున్నాను, వేడి తగ్గిన ఆ క్షణంలోనే నా ముందున్నవాడి భుజం ఒరిగింది, పక్కనున్నామె ఒక కాలు వంచి సీటు కమ్మీకి ఆనుకుంది, మొగులమ్మ నడుము మీద చెయ్యి పెట్టి ఇటు తిరిగింది, ఒకడు ఫోను తీశాడు, ఒకడు ఆవలించాడు, రెండు వరసల మనుషులూ మోకాళ్ళ దగ్గర సడలి అటూ ఇటూ ఊగారు, బస్సు పొడవునా అదే, నా కాళ్ళు కూడా, నేను వంచకుండానే వంగాయి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను, మమ్మల్ని నిటారుగా పట్టుకున్నది చలి కాదు, ఈ రేకు గోడలు, పెట్టె, నేను కంప్యూటర్‌లో ఆ పొర ముక్క చుట్టూ గీసిన పెట్టె, పొర కరిగితే పలచబడి పక్కలకు వెడల్పవ్వాలి, వెడల్పవ్వాలంటే పెట్టె గోడలు దానితో పాటు జరగాలి, జరగనిచ్చానా, లేదు, ఈ పని మొదలుపెట్టినప్పుడు పాత మాత్రల పని తాలూకు సెట్టింగులు తెచ్చి ఇందులో వేశాను, మాత్రలో మందు గడ్డ రాయి లాంటిది, అది ఎటూ జరగదు, దానికి గోడలు బిగించి పెట్టినా నష్టం లేదు, అదే బిగింపు ఇక్కడా ఉండిపోయింది, బిగించిన పెట్టెలో పెట్టి వేడి చేశాను, మళ్ళీ మళ్ళీ వేడి చేశాను, తెర మీద వేడి అంకెల పక్క వరసలోనే ఒత్తిడి అంకెలు ఉంటాయి, అవి పెరిగాయి, ప్రతి సారీ పెరిగాయి, నలభై ఒకటి నుంచి అరవై దాకా మెట్లు ఎక్కినట్టు పెరుగుతూ పోయాయి, నేను చూశాను, ఊడ్చిన పెన్సిల్ పొట్టును చూసినట్టు చూశాను, పాపం అది ఎంత నెట్టి ఉంటుందో గోడలను, కరగడానికి సిద్ధంగానే ఉంది, ఫరహత్ చెప్పిన చోటే సిద్ధంగా ఉండి ఉంటుంది.

ఫరహత్, అన్నాను, నా గొంతు నాకే పెద్దగా వినిపించింది, ఆమె డబ్బాతో సహా తిరిగింది, నీది కరెక్ట్ అన్నాను, ఏది సార్ అంది, నలభై ఒకటి, నీది కరెక్ట్ అయ్యుంటది, నాది తప్పు, నేను పెట్టె బిగించి వేడి చేసిన, దానికి జరగనీకి జాగ ఇయ్యలే, అన్నాను, అర్థమవుతున్న కొద్దీ ఆమె ముఖం ఎర్రబడింది, పెట్టె కొలతలు మారకుండ పెట్టిండ్రా, అన్ని రన్‌లల్ల, అంది, అన్నిట్ల, అన్నాను, యా అల్లా, సార్, నేను మూడు నెలల సంది నా చేతులు ఖరాబైనయేమో అనుకుంటున్న, రాత్రి రాత్రి లేచి ఎక్కడ తప్పు జేసిన్నో అని పరేషానైన, మా అమ్మీతో ఉద్యోగం పోతదని చెప్పిన, ఆమె రోజూ దువా జేస్తున్నది, మీరేమో, అని ఆగిపోయింది, అరిచింది అనే అనాలి, బస్సులో తలలు తిరిగాయి, మొగులమ్మ ఏమైంది బిడ్డా ఏమన్నడు సారు అంది, ఏం లేదక్కా, సారు మంచి మాటే జెప్పిండు, అంటూనే ఫరహత్ ఏడ్చింది, థర్మోకోల్ డబ్బా మీద గడ్డం ఆనించి ఏడ్చింది, మంచి మాటకు ఎవలన్న ఏడుస్తరానే అని మొగులమ్మ ఆమె చేతిలోని డబ్బా తీసుకుని తన నెత్తిన పెట్టుకుంది, తట్ట పెట్టుకున్నట్టు, రెండు చేతులూ ఖాళీ అయ్యాక ఫరహత్ ముఖం పూర్తిగా కప్పుకుని ఏడ్చింది, తిట్టు ఫరహత్, ఇంక తిట్టు, అన్నాను, తిట్టను సార్, మీకు జరిగింది తెల్వదా నాకు, అంది ముక్కు తుడుచుకుంటూ, మల్లా ఎన్నడు గిట్ల జేయకుండ్రి, అంతే, అంది, నేను మల్లేష్‌కు ఫోన్ చేశాను, పదకొండు మీటింగ్‌ల నా మాట చెప్పను మల్లేష్, తప్పు లెక్క అది, అన్నాను, అదేందన్నా, కంప్యూటర్ తప్పు జెప్పిందా, అన్నాడు, కంప్యూటర్ తప్పు జెప్పలే, నేను తప్పు అడిగిన, పెట్టె వదిలి మల్ల చెయ్యాలె, రెండు వారాలు కావాలె, అప్పటిదాంక ప్రాజెక్టు ముయ్యొద్దు, ఆ పిల్లను పంపొద్దు, అన్నాను, డైరెక్టర్ అడిగితే ఏం జెప్పాలె, అన్నాడు, నా పేరు జెప్పు, అన్నాను, మల్లేష్, గది నీ నోటితోని నువ్వే జెప్పన్నా, నేను మీటింగ్ మధ్యాహ్నానికి జరుపుత, రెండు వారాలు నేనిప్పిస్త, అన్నాడు, పెట్టేయబోతూ, అన్నా, మస్తు రోజులకు నీ గొంతు ఇన్నట్టయింది, అన్నాడు.

బస్సు ఎడమకు తిరిగి గడ్డపోతారం దారి పట్టింది, మందుల వాసన మొదలైంది, ఎవరూ చెప్పకపోయినా ముక్కు చెప్పే వాసన, కడుపుతో ఉన్న అమ్మాయి పటాన్‌చెరులోనే దిగినట్టుంది, మూడో వరుస రెండు సీట్లూ ఖాళీగా ఉన్నాయి, ఇంకా పదిమంది నిలబడే ఉన్నారు, ఎవరూ కూర్చోలేదు, నా కోసమే, వెళ్ళి కిటికీ పక్కన కూర్చున్నాను, సీటు ఇంకా వెచ్చగా ఉంది, ఆ అమ్మాయిది, లోపలి బిడ్డది, అలవాటుగా బ్యాగు పక్క సీటులో పెట్టబోయాను, చెయ్యి సగంలో ఆగింది, వాళ్ళు వదులుతూ వచ్చారు, నేను నింపుతూ వచ్చాను, ఇక్కడే కాదు, పొద్దున అలారం దగ్గర్నుంచి దుప్పటి కప్పే దాకా ఎక్కడా వేలు దూరే సందు లేకుండా పేర్చుకున్నాను, ఇస్త్రీ, టిఫిన్, బస్సు, రన్‌లు, అన్నం తినే గంటలో ఇంకో రన్, ఆదివారం పరదాలు ఉతకడం, ఉతికినవే మళ్ళీ ఉతకడం, సీసాను గోడ మీద పెట్టడానికి తోచకపోవడం కాదు, గోడ మీద పెట్టి అది కరిగే దాకా పక్కన నిలబడే సమయం ఒకటి ఉంటుందే, ఆమె అలా నిలబడేది, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఊరికే ఎండలోకి చూస్తూ, ఆ సమయం నాకు లేకుండా చేసుకున్నాను, బ్యాగును కాళ్ళ దగ్గర కింద పెట్టాను, పక్క సీటు ఖాళీగా ఉంది, నిజంగా ఖాళీగా, దాని రెక్సిన్ మీద ఒక చిరుగు, చిరుగులోంచి పసుపు స్పాంజి, ఇన్నాళ్ళూ బ్యాగు కింద ఉండి నాకు కనపడలేదు, పసుపు, రంగుపెన్సిళ్ళలో పసుపు అన్నిటికంటే పొట్టిది, నిషిత సూర్యుళ్ళు ఎక్కువ వేస్తుందని సుమిత్ర అనేది, దాన్ని చెక్కుతుంటే ముల్లు రెండుసార్లు విరిగింది, రెండుసార్లూ మళ్ళీ చెక్కాను, ఏదో నెడుతోంది, చిన్నగా, లోపలి నుంచి, నొప్పి అనడానికి ఇంకా చాలదు, ఇది ఇవాళ మొదలైంది కాదు, మొదటి రోజు నుంచీ నెడుతూనే ఉంది, నేను దాన్ని ఒత్తిడి వరసలో చూస్తూనే ఉన్నాను, నేను కరగని మనిషిని కాదు, గోడలు నేనే బిగించి పట్టుకున్నాను.